పాపం, మగమహారాజులు!

గృహహింస చట్టం పేరెత్తితే చాలు, హింస సంగతి పక్కకు పోయి దుర్వినియోగం సంగతి ముందుకొస్తుంది. టీవీ చర్చ కానివ్వండి, పెళ్ళిభోజనాల పంక్తి కానివ్వండి, 'చట్టాలన్నీ ఆడవాళ్ళకేనండీ, ఒక్క ఫోను కొడితే మొగుడితో పాటు ముసలి అత్తమామలూ లోపలికే' అని ఎవరో ఒకరు నిట్టూరుస్తారు. చుట్టూ ఉన్న తలలన్నీ ఊగుతాయి. సరే, మగజాతిని ఇంతగా వణికిస్తున్న ఆ మహాతల్లి ఎక్కడుందో చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి అడిగితే, పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి 29 మంది భర్త చేతిలో శారీరకంగానో లైంగికంగానో హింస పడ్డామన్నారు. తెలంగాణలో ఆ లెక్క దాదాపు 37. ఇలా హింసకు గురైన ఆడవాళ్ళలో ఎవరినైనా సాయం అడిగినవాళ్ళు నూటికి 14 మంది. 77 మంది సాయం అడగలేదు సరికదా, ఎవరితోనూ అననే లేదు. అంటే చట్టాన్ని చేతబట్టుకుని తిరుగుతోందని మనం హడలిపోతున్న ఆవిడ, కన్నతల్లికి కూడా చెప్పకుండా కడుపులో దాచుకుంటోందన్నమాట.

అదే సర్వేలో మరో ప్రశ్న ఉంది. భార్యను భర్త కొట్టడం ఏయే సందర్భాల్లో సబబు అని అడుగుతూ ఏడు కారణాలు ముందుపెట్టారు. చెప్పకుండా బయటికి వెళ్తే, ఎదురు మాట్లాడితే, వంట సరిగ్గా చేయకపోతే, అత్తమామలను లెక్కచేయకపోతే, ఇలా సాగుతుంది ఆ జాబితా. వీటిలో ఒక్కదానికైనా కొట్టవచ్చు అన్న ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి 84 మంది. దేశంలో మనల్ని మించినవాళ్ళు లేరు. తెలుగుజాతి ఐక్యతకు ఇంతకంటే రుజువేం కావాలి! పప్పులో ఉప్పు ఎక్కువైతే చెంపదెబ్బ న్యాయమే అనుకునే ఈ ఇల్లాళ్ళే, సందు దొరికితే అత్తింటి వేధింపుల కేసు (పాత ఐపీసీ 498ఎ) పెట్టి మొగుళ్ళను బజారుకీడుస్తున్నారని కూడా మనమే అంటాం. రెండు మాటలూ ఒకే నోటితో అనాలంటే కొంత సాధన కావాలి.

'మరి ఈ కేసుల్లో శిక్షలు పడేది తక్కువ కదా, అంటే దొంగ కేసులేగా?' అని లాపాయింటు తీస్తారు. నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్షులు ఎవరు? ఆ ఇంటివాళ్ళే. వాళ్ళు ఎవరి తరఫున చెబుతారో చెప్పనక్కర్లేదు. దీనికి తోడు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ నేరాన్ని కోర్టు అనుమతితో రాజీ చేసుకునే వీలు కల్పించారు. రాజీ కుదిరితే చట్టం దృష్టిలో ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టే. పెద్దమనుషులు కూర్చుంటారు. 'పిల్లల మొహం చూడమ్మా', 'చెల్లెలి పెళ్ళి కావద్దూ' అని నచ్చజెప్పి సంతకం పెట్టిస్తారు. మర్నాడు అదే పెద్దమనుషులు 'చూశారా, కేసు నిలవలేదు' అంటారు. నిలవకుండా చేసింది తామేనన్న సంగతి అంత వినయంగా మరిచిపోవడం వాళ్ళకే చెల్లింది.

అబద్ధపు కేసులు అసలు లేవని ఎవరూ అనరు. మొగుడితో గొడవైతే ఎక్కడో ఉన్న ఆడబిడ్డనూ, మేనత్తనూ ఫిర్యాదులోకి లాగడం ఉంది. తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసును కొట్టేస్తూ 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ పోకడను గట్టిగానే తప్పుపట్టింది. ఆ ఆడబిడ్డ పడే బాధ నిజమే. కానీ ఆ బాధకు మందు ఎప్పుడో వేశారు. కారణాలు రాయకుండా, ఆలోచించకుండా ఈ కేసుల్లో అరెస్టు చేయొద్దని 2014లోనే అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఫిర్యాదు అందాక రెండు నెలలు అరెస్టులు ఆపి, ముందు కుటుంబ సంక్షేమ కమిటీకి పంపాలన్న అలహాబాద్ హైకోర్టు మార్గదర్శకాలను 2025 జులైలో సుప్రీంకోర్టు సమర్థించింది. సెల్‌ఫోను పోయిందని స్టేషనుకు వెళ్తే 'రెండు నెలలు ఆగండి, ఈలోగా దొంగతో సామరస్యంగా మాట్లాడి చూడండి' అంటారేమో అడిగి చూడండి. ఇక 2005 గృహహింస చట్టంలోనైతే మొదటి అడుగులో అరెస్టే లేదు. ఉండటానికి గూడు, తినడానికి మనోవర్తి, కొట్టొద్దని ఒక ఉత్తర్వు, ఇవే అందులో అడిగేవి. ఆ ఉత్తర్వును కూడా కాలదన్నితేనే జైలు, అదీ ఏడాది వరకే.

అసలైన దుర్వినియోగం చూడాలంటే, చట్టాన్ని అమలు చేయాల్సినవాళ్ళ దగ్గర చూడాలి. దరఖాస్తు అందిన మూడు రోజుల్లో మామూలుగా మొదటి వాయిదా పడాలి, అరవై రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలి అని గృహహింస చట్టం అంటుంది. వాయిదాల వెంట తిరిగిన ఏ ఆడమనిషికైనా ఇది చదివి వినిపిస్తే నవ్వుకుంటుంది. 2006 అక్టోబరులో అమల్లోకి వచ్చిన చట్టానికి రక్షణాధికారులను గుర్తించి నియమించండని 2025 మేలో కూడా సుప్రీంకోర్టు రాష్ట్రాలకు గడువు పెట్టాల్సి వచ్చింది. ఆఫీసుల సంగతీ అంతే. లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. కావాలని పెట్టిన తప్పుడు ఫిర్యాదుపై చర్యకు అందులో ప్రత్యేకంగా ఒక సెక్షనే ఉంది కాబట్టి మగమహారాజులు నిశ్చింతగా ఉండొచ్చు. పదిమంది పనిచేసే చోట ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ వేయాలన్న సెక్షను మాత్రం ఎవరికీ కంటపడదు. దేశంలోని 30 జాతీయ క్రీడా సమాఖ్యల్లో 16 ఆ కమిటీ వేయనేలేదని 2023లో సుప్రీంకోర్టే ఎత్తిచూపింది. కమిటీ వేయని యజమానికి తొలిసారి జరిమానా 50 వేల రూపాయల వరకు. కొన్ని ఆఫీసుల్లో మహిళా దినోత్సవం నాటి కేకులకూ పూలగుత్తులకూ ఇంతకంటే ఎక్కువే అవుతుంది.

కాబట్టి దుర్వినియోగం గురించి దిగులుపడే పెద్దలకు ఒక చిన్న పని. రేపు ఆఫీసుకు వెళ్ళాక నోటీసు బోర్డు చూడండి. అంతర్గత కమిటీ వేసిన ఉత్తర్వు అక్కడ అందరికీ కనబడేలా పెట్టాలని చట్టం. లేకపోతే ఎందుకు లేదో మీరే అడగండి, మీ పక్క సీటు అమ్మాయితో అడిగించకండి. ఆఫీసులో జరిగినదానిపై ఫిర్యాదుకు గడువు మామూలుగా మూడు నెలలే. ఇంట్లో జరిగేదానికి మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181.