నూటికి నూరు బీటా

బీసీ107 ట్రాన్సిస్టరు కరెంట్ గెయిన్, అంటే బీటా, ఎంత? డేటాషీటును అడిగితే, 2 మిల్లీ ఆంపియర్ల కలెక్టర్ కరెంటు దగ్గర 110 నుంచి 450 దాకా ఎంతైనా కావచ్చంటుంది. తయారుచేసినవాడే అంతకు మించి మాటివ్వలేకపోయాడు. మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబ్ రికార్డులకు ఆ బెరుకు లేదు. బేస్‌లోకి 20 మైక్రో ఆంపియర్లు, కలెక్టర్‌లో 2 మిల్లీ ఆంపియర్లు, బీటా నూరు. బ్యాచి మారినా నూరే, ట్రాన్సిస్టరు మారినా నూరే, ఆ పూట కరెంటు పోయినా నూరే.

చిక్కల్లా ఒకటే. ఆ నూరు డేటాషీటు హద్దుల్లోనే లేదు! రికార్డులు నిజమైతే ల్యాబులో ఉన్నదంతా నాసిరకం సరుకన్నమాట. సరుకు పంపినవాడికి నోటీసిచ్చిన ప్రిన్సిపాల్ మాత్రం ఎక్కడా కనబడడు.

నూరు పుట్టేది బ్రెడ్‌బోర్డు మీద కాదు, సీనియర్ రికార్డులో. అదే రికార్డులో నాలుగు పేజీలు వెనక్కి తిప్పితే కామన్ బేస్ ప్రయోగం ఉంటుంది. అక్కడ ఆల్ఫా, అంటే కలెక్టర్ కరెంటుకూ ఎమిటర్ కరెంటుకూ నిష్పత్తి, 0.98. ఆ లెక్కన బీటా 49. ఒకే ట్రాన్సిస్టరుకు రెండు బీటాలు, రెండింటి కిందా ఒకే లెక్చరర్ సంతకం. ఆల్ఫా 0.99 అయితే బీటా 99కి ఎగబాకుతుంది. అంటే మీటరు ముల్లును ఒక్క శాతం తేడాగా చదివినా బీటా రెట్టింపవుతుంది. ఆ ప్రయోగంలో ముచ్చటపడాల్సింది దీన్ని చూసే. కానీ పేజీలు వెనక్కి తిప్పే తీరిక ఎవరికుంది?

ఇక మల్టీమీటరు భక్తులు. బీటా చూపే హెచ్‌ఎఫ్‌ఈ చిల్లుల్లో ట్రాన్సిస్టరు కాళ్లు దూర్చి, తెర మీది అంకెను వేదవాక్కులా దించుకుంటారు. చవక మీటర్లలో అది సుమారు 10 మైక్రో ఆంపియర్ల బేస్ కరెంటు, 3 వోల్టుల దగ్గర దొరికే విలువ మాత్రమే. కలెక్టర్ కరెంటు మారితే బీటా మారుతుంది, వేడెక్కితే పెరుగుతుంది. ట్రాన్సిస్టరును రెండు వేళ్లతో కాసేపు పట్టుకుంటే చాలు, అంకె కదలడం కళ్లారా చూడొచ్చు. ఖర్చు లేని ఈ ప్రయోగం ఏ సిలబస్‌కూ ఎందుకో ఆనదు.

బ్యాచికి పది ట్రాన్సిస్టర్లిచ్చి, వచ్చిన పది బీటాలనూ బోర్డు మీద రాయిస్తే సరిపోయేది. ఆ చెదురు చూశాక వోల్టేజ్ డివైడర్ బయాస్ ఎందుకో, ఎమిటర్ కింద రెసిస్టరు ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. బీటాను నమ్ముకోకుండా సర్క్యూట్ నడపడానికే అవి. ఇప్పుడైతే రోగం చూడకుండానే మందు పేరు వల్లిస్తున్నారు: వైవాలో స్టెబిలిటీ ఫ్యాక్టర్ నిర్వచనం గడగడా వచ్చేస్తుంది. నిజంగా కొలిచి 237 తెచ్చిన కుర్రాడి రికార్డు మీద మాత్రం ఎర్ర సిరాతో ‘రిపీట్’ పడుతుంది.