పదవీమీమాంసా ప్రవేశిక

హైదరాబాదు–విజయవాడ రహదారి మీద చిట్యాలకు చేరిన జిజ్ఞాసువు ఇరువైపులా వ్రేలాడు ఫ్లెక్సీలనే మూలగ్రంథంగా భావింపవలెను. వ్యాఖ్య మాత్రమే ఇచట చేయబడుచున్నది.

1. లక్షణాధికరణం

పేరు కింద చిన్న అక్షరాలలో అచ్చుపడునది పదవి యని ప్రాచీనుల నిర్వచనం. దీనికి అవ్యాప్తి దోషం కలదు. అధ్యక్షుని విషయంలో పదవియే పెద్దక్షరాలలో వెలుగొందగా పేరు దాని నీడన ఒదిగియుండును. అతివ్యాప్తియు కలదు, ఫ్లెక్సీ అచ్చువేసినవాని ఫోను నంబరు సైతం చిన్నక్షరాలలోనే యుండును. కావున ‘దేనిని విడిచి పిలిచినచో పిలువబడినవాడు పలుకడో అది పదవి’ యని నవ్యులు సవరించిరి. ఇదియే గ్రాహ్యం.

2. విభాగాధికరణం

2001 నాటి సంఘాల నమోదు చట్టం సంఘస్థాపనకు కనీసం ఏడుగురిని విధించినది. గౌరవాధ్యక్షుడు, అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, సహాయ కార్యదర్శి, కోశాధికారి అని పదవులును ఏడే. తత్కారణంగా వట్టి సభ్యుడు అను పదార్థం కుందేటికొమ్ము వంటిదని తార్కికులు తేల్చిరి.

వీరిలో సంయుక్త, సహాయులకు భేదం లేదనుట స్థూలదృష్టి. సహాయుడు ప్రధాన కార్యదర్శి పనిని చేయును. సంయుక్తుడు ప్రధాన కార్యదర్శి పక్కన ఫొటోలో నిలుచును. ప్రధాన కార్యదర్శిత్వాన్ని ఆశించి భంగపడి, అయినను అలిగి వెళ్లనీయరాని బలం కలవాని కొరకే సంయుక్తత్వం ఉద్భవించినది. గౌరవాధ్యక్షునికి ముఖ్యధర్మం చందా పుస్తకంలో మొదటి గీత మీద అంకె వేయుట. ఆ అంకెను చూచి మిగిలినవారు తమతమ అంకెలను తగ్గించుకొందురు. ఇక కోశాధికారి. తక్కిన ఆరు పదవులు గుణాలు, ఇదొక్కటే ద్రవ్యం.

3. నిత్యత్వాధికరణం

గడువు తీరిన పదవి నశించునా? నశించునని ఒక పక్షం. ‘మాజీ’ రూపాన శాశ్వతమగునని మాజీవాదులు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ సర్పంచుల గడువు తీరగా పత్రికలు ‘తాజా మాజీ’ యని వ్రాయుటతో ఈ పక్షం మిక్కిలి బలపడినది. తాజాత్వం ఎన్నాళ్లు నిలుచునన్న ప్రశ్నకు, తదుపరి మాజీ పుట్టువరకు అని సిద్ధాంతం.

శబ్దనిత్యత్వానికి ఇంతకంటె గొప్ప ప్రమాణం కలదు. మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ అను వంశపారంపర్య పదవులు 1984లో రద్దయినవి. అయినను హోటలు ముంగట ‘పటేలా, మంచిగున్నవా’ అను పలకరింపు నేటికిని వినబడును. అర్థం తొలగినను శబ్దం నిలిచినది.

4. పరమతాధికరణం

1917లో చికాగోలో పుట్టిన లయన్స్ సంప్రదాయంలో ‘టెయిల్ ట్విస్టర్’, అనగా తోక మెలిపెట్టువాడు, అను పదవి కలదు. సమావేశంలో సభ్యులకు సరదా జరిమానాలు వేసి నిద్ర చెరచుట వాని ధర్మం. మనలో తోక పేరుకే తగిలియుండును గనుక దానిని మెలిపెట్ట నెవ్వడును సాహసింపడు.

5. శేషం

వినాయక మండపానికి కుర్చీలు మోయువానికి ఏ పదవియు లేకుండుట శాస్త్రవిరుద్ధమని కొందరాక్షేపించిరి. ఆక్షేపణ సమంజసమే యగుటచే వచ్చే చవితి నుండి అతడు ముఖ్య సలహాదారు. కుర్చీల అధికరణం ఇంకను రచింపబడవలసియున్నది.