రెండోసారి కాశీకొచ్చినాయన

సంక్రాంతి వెళ్ళి ఉద్దానంలో జీడితోటలు పూతకొచ్చే రోజుల్లో మా వైపు యాత్రా బస్సులు కదులుతాయి. జలంత్రకోట దగ్గర హైవే ఎక్కితే ఇచ్ఛాపురం, బరంపురం, పూరీ, ఆ పైన గయ, కాశీ, ప్రయాగ. డిక్కీలో గ్యాసు బండలు, బియ్యం బస్తాలు, చింతపండు. మంచినీళ్ళ డబ్బాలు కూడా ఇంటి దగ్గర నుంచే. నీళ్ళ విషయంలో ఉద్దానం వాళ్ళకి ఎవరూ జాగ్రత్తలు చెప్పనక్కర్లేదు. వెనక సీట్లో వంటమనిషి, మిగతా సీట్లనిండా యాత్రికులు. ఒకాయన మాత్రం యాత్రికుడు కాడు. ఆయన రెండోసారి వస్తున్నాడు.

ఇలాంటాయన లేకుండా మా వైపు నుంచి బస్సు కదలదు. ఊళ్ళో ఆయన రిటైరైన మాస్టారు కావచ్చు, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాసినాయన కావచ్చు, ఖరగ్‌పూర్ రైల్వేలో చేసి వచ్చినాయన కావచ్చు. బస్సెక్కాక అందరికీ మావయ్యే. డ్రైవరు వెనక సీటు ఆయనది. దాన్ని ఆయనకి ఎవరూ ఇవ్వరు, ఎవరూ అడగరు కూడా. ఇచ్ఛాపురం దాటకుండానే లేచి నిలబడి, రాడ్డు పట్టుకుని మొదలుపెడతాడు. "కాశీలో జాగర్తగుండాల. నాను సెప్పినట్టు ఇంటే ఒక పైసా ఎక్కువవదు."

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని పెద్దలు అనుకున్న కాలంలో ఈ మావయ్య పుట్టడానికి వీలే లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పదిహేను నెలల పై మాట. తిరుగుదారిలో జగన్నాథం మీదుగా మన శ్రీకాకుళం వైపు నుంచే దిగాడు. ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఏ యేరు ఎలా దాటాలి అన్నీ రాసుకుంటూ వెళ్ళాడు. 1838లో అచ్చయిన ఆయన పుస్తకం చదివితే, ఆ మనిషికి కళ్ళు రెండు కాదేమో అనిపిస్తుంది. మళ్ళీ వస్తామన్న ధీమా లేనివాడు అలాగే చూస్తాడు. ఆ తరువాత 1887లో కాశీ దగ్గర గంగ మీద రైలు వంతెన పడింది. రైలు వెనకాల ఎప్పటికో టూరిస్టు బస్సు వచ్చింది. బస్సు వెనకాల మావయ్య వచ్చాడు.

మాతో వచ్చిన మావయ్యకి ఒక చిక్కుంది. ఆయన మొదటిసారి వచ్చింది తిత్లీ తుఫానుకి ముందు. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాసకి దగ్గర్లో తీరం దాటి, ఉద్దానం కొబ్బరితోటల్ని నేలకి పరిచేసిపోయింది. అప్పట్నుంచి మా వైపు పెళ్ళిళ్ళూ పురుళ్ళూ అప్పులూ అన్నీ తిత్లీకి ముందు, తిత్లీకి తరువాత అనే లెక్కలోనే నడుస్తున్నాయి. మావయ్య కాశీ కూడా తిత్లీకి ముందు కాశీ. గంగ ఒడ్డున అప్పట్నుంచి ఎన్ని మారాయో ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదనుకోండి.

కాశీలో మేం దిగింది పాండే హవేలీలో, శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం దగ్గర్లో. ఆ సందులో తెలుగు బోర్డులు, ఇడ్లీ వాసన, తెలుగులో తిట్టుకునే మనుషులు. మావయ్యకి అది నచ్చలేదు. పరాయి ఊరొచ్చాం అనడానికి ఒక్క గుర్తయినా లేకపోతే దారి చూపేవాడి బతుకేం గాను? అందుకే మర్నాడు తెల్లవారకముందే అందర్నీ లేపి, మంకీ క్యాపులు తొడిగించి, అస్సీ ఘాటుకి ఆటోల్లో తోలాడు. "పడవ అక్కణ్ణించే ఎక్కాల. అప్పుడే ఘాట్లన్నీ వరసగా అవుపడతాయి." ఈ ఒక్క మాట మాత్రం నిజం. అస్సీ ఊరికి దక్షిణం కొస. అక్కడ ఎక్కితే ఎనభై నాలుగు ఘాట్లూ ఎడంచేతి వైపు వరసలో వస్తాయి.

బేరం ఆయనే చేశాడు. ఖరగ్‌పూర్‌లో నేర్చిన హిందీ అది. "కితనా లేగా భయ్యా? జాస్తి మత్ బోలో. హమ్ పహలే భీ ఆయా."

పడవవాడు ముందు ఆయన్ని చూశాడు, తరువాత మా వెనక నిలబడిన ఆడవాళ్ళని. "రండమ్మా, రండి. మెల్లిగా దిగండి. పెద్దమ్మని పట్టుకోండి" అన్నాడు, సుబ్బరమైన తెలుగులో.

2023 ఏప్రిల్ 22న మొదలైన గంగా పుష్కరాలు పన్నెండు రోజులూ తెలుగు జనాన్ని మోసిన రేవు ఇది. అక్కడి పడవవాళ్ళకి తెలుగు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. మావయ్య మాత్రం వెనక్కి తగ్గలేదు. గంట సేపూ ఆయన హిందీలో అడగడం, వాడు తెలుగులో చెప్పడం, వాడు చెప్పినదాన్ని ఆయన మళ్ళీ మాకు తెలుగులోనే అనువదించడం జరిగింది.

లైఫ్ జాకెట్లు ఇచ్చారు. మావయ్య తనది మడిచి కిందేసుకుని కూర్చున్నాడు. "బారువ సముద్రం సూసినోడికి ఇదేటి?" అన్నాడు. మాతో భావనపాడు వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. వయసులో గుజరాత్ దాకా వెళ్ళి వెరావల్ బోట్ల మీద వేటాడినవాడు. ఆయన నోరెత్తకుండా జాకెట్ తొడుక్కుని, తాళ్ళు రెండుసార్లు లాగి చూసుకుని, పక్కనున్న ఆడవాళ్ళవి కూడా ముడేశాడు.

ఇక కూర్చునే తీరు. మేమంతా ఘాట్ల వైపు తిరిగాం. మావయ్య మా వైపు తిరిగాడు. మాకు చూపించాలంటే మమ్మల్ని చూడాలి కదా. వెనక నుంచి కాశీ నగరం మెట్టు మెట్టుగా వెలుతుర్లోకి వస్తోంది. మునుగుతున్నవాళ్ళు, జపం చేసుకుంటున్నవాళ్ళు, తడి చీరలు ఆరేస్తున్నవాళ్ళు, రాళ్ళ మీద బట్టలు బాదుతున్నవాళ్ళు. మావయ్య వీపు అదంతా చూస్తోంది. ఆయన చెయ్యి మాత్రం భుజం మీంచి వెనక్కి చూపిస్తూనే ఉంది. పడవ కదిలిపోతూ ఉంటుంది గనక, ఆ వేలు ఎప్పుడూ మాట కంటే ఒక ఘాటు వెనకే.

"అదిగో, హరిశ్చంద్రుడి కోట!"

నదిలోంచి నిటారుగా లేచిన పెద్ద రాతి గోడ, పైన బురుజులు. ఎవరో చేతులెత్తి దండం కూడా పెట్టేశారు. పడవవాడు సన్నగా దగ్గి, "అది చేత్ సింగ్ కోటండి" అన్నాడు. 1781లో వారెన్ హేస్టింగ్స్ కాశీ రాజా చేత్ సింగుని ఆ కోటలోనే కాపలా పెట్టించాడు. ఊరు తిరగబడిన గందరగోళంలో రాజా కిటికీలోంచి తలపాగాలు ముడేసి దిగి, పడవలో ఆవలి ఒడ్డుకి పారిపోయాడు. వాడు కిటికీ వైపు చూపించాడు కూడా. మావయ్య ఒక్క క్షణం ఆలోచించి, "ముందు హరిశ్చంద్రుడిదే. తరవాత ఈడు కొనుక్కున్నాడు" అని తేల్చాడు.

అసలు హరిశ్చంద్ర ఘాటు ఇంకాస్త ముందుంది. పేర్చిన కట్టెలు, పొగ, రెండు చితులు. పడవ దానంతటదే నెమ్మదించినట్టయింది. మా శ్రీకాకుళం జిల్లాలో హరిశ్చంద్ర నాటకం చూడకుండా పెరిగినవాళ్ళు మా తరంలో అరుదు. జాతరంటే నాటకం, నాటకమంటే కాటిసీను. బలిజేపల్లి వారి నాటకంలోకి జాషువా పద్యాలు వచ్చి చేరి, ఆ సీను తెల్లవార్లూ సాగేది. అలాంటి జనానికి ఇక్కడ ఒకరు చెప్పవలసిందేమీ లేదు. పెద్దమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. మావయ్య ఆ నిశ్శబ్దాన్ని అయిదారు బారల దూరం మాత్రమే భరించాడు. తరువాత గొంతు సవరించుకుని రాగం తీశాడు. పద్యం నాలుగో పాదం మరచిపోయి, మూడో పాదాన్నే రెండోసారి ఎత్తుకునేసరికి కేదార ఘాటు వచ్చేసింది.

కేదార ఘాటు తెలుపు ఎరుపు చారల గోడలు చూసి అందరికీ ప్రాణం లేచొచ్చింది. మన గుళ్ళ ప్రహరీలకి ఉండే చారలే మరి. దానికి కొంచెం అవతలే మానససరోవర ఘాటు, మేం దిగిన సందు. "మన ఇడ్లీ బండి అదే కదేటి?" అని పెద్దమ్మ గుర్తుపట్టింది. మావయ్య ఇది కాదన్నాడు. ఇడ్లీ బండే అది.

పక్షుల సంగతి చెప్పాలి. చలికాలంలో గంగ మీద తెల్ల పక్షుల గుంపులు వాలతాయి. దూరదేశాల నుంచి వచ్చినవి. కారప్పూస పొట్లాలమ్మే పడవలు వాటి కోసమే తిరుగుతుంటాయి. ఒక పొట్లం చింపితే చాలు, రెక్కలు పడవని కప్పేస్తాయి. టెక్కలి నుంచి వచ్చినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. తేలినీలాపురం చింతచెట్ల మీద కొంగలు, గూడబాతులు పిల్లల్ని పెట్టడం చూసి పెరిగినవాళ్ళు వాళ్ళు. మావయ్య ధీమాగా చెప్పాడు. "ఇవి మన తేలినీలాపురం పచ్చులే. ఇక్కడ రెండు నెలలు కారప్పూస తిని, అప్పుడు మన కాడికొస్తాయి." భావనపాడు ముసలాయన మొదటిసారి నోరిప్పాడు. "ఇవి సముద్రం పచ్చులు. అవి వేరే."

మావయ్య వినలేదు. అప్పటికే దశాశ్వమేధం వచ్చేసింది, అక్కడ ఆయనకి చాలా పనుంది.

ముందు, కాశీలో ఒక కాయా ఒక పండూ వదిలే సంగతి. పోయినసారి ఏం వదిలాడో చెప్పాడు. "కాకరకాయ ఒగ్గేసినాను. యాపిల్ పండు ఒగ్గేసినాను." ఎవరో పకపకా నవ్వారు. మావయ్య నవ్వలేదు. "నవ్వకండి. మన వోళ్ళు ఆవేశంలో పనసకాయ అనీసి, కొబ్బరికాయ అనీసి ఒగ్గేస్తారు. ఊరెల్లినాక ఏటి తింతారు?" ఇంత తెలివైన సలహా గంగ మీద ఆ ఉదయం ఇంకెవరూ ఇచ్చి ఉండరు. వినగానే పడవలో ముగ్గురు కాకరకాయకి మొక్కుకున్నారు.

లలితా ఘాటు దగ్గర మాత్రం ఆయనకి గట్టి దెబ్బ తగిలింది. నిజానికి ఆయన యాత్రంతా ఈ చోటు కోసమే. ఇక్కడ దిగితే ఒక ఇరుకు సందు, సందులో పాల దుకాణం, దుకాణం పక్క నుంచి ఎడమకి తిరిగితే విశ్వనాథుడి గుడి వెనక గుమ్మం. ఆ దుకాణం వాడికి మావయ్య బాగా తెలుసు. ఎంత రద్దీలో అయినా చెప్పులు వాడి దగ్గర పెట్టుకోవచ్చు. ఈ మాట బరంపురం నుంచి వింటూనే ఉన్నాం. వాడి కోసం పలాస జీడిపప్పు అరకిలో పొట్లం కట్టించి సంచిలో పెట్టుకొచ్చాడు కూడా.

పడవ తిరిగింది. మావయ్యా తిరిగాడు. ఆ ఉదయం ఘాట్ల వైపు ఆయన తిరగడం అదే మొదలు.

ఎదురుగా ఎర్రటి రాతి మెట్లు, వెడల్పాటి గుమ్మం, పైన ఖాళీ ఆవరణ. 2021 డిసెంబరు 13న తెరిచిన కారిడారు అది. గంగలో మునిగి నేరుగా గుడిలోకి నడిచిపోవచ్చు. దాని కోసం వందల కట్టడాలు కూల్చారు. సందు లేదు. పాల దుకాణం లేదు. ఎడమకి తిరగడానికి ఎడమే లేదు.

"ఇది కాదు" అన్నాడు మావయ్య. పడవవాడు ఇదేనన్నాడు. "ఇది కాశీయే కాదు" అన్నాడు మావయ్య, ఈసారి తెలుగులో.

అందరూ ఆయన వైపే చూస్తున్నారు. బాధపడుతున్నాడేమో అని నేను అనుకునేలోగానే తేరుకున్నాడు. ఆయన మీద నాకు గౌరవం కలిగిన ఘట్టం ఇదొక్కటే. "అప్పట్లో వచ్చినోళ్ళకే తెలుస్తాది. మీకేటి తెలుసు? మీరు కొత్తకాశీకి వచ్చినారు. నాను పాతకాశీ సూసినాను" అన్నాడు. ఒక్క మాటతో మా అందరి యాత్రా ఒక మెట్టు దిగిపోయింది. ఆయనది రెండు మెట్లెక్కింది. జీడిపప్పు పొట్లం విప్పి పడవలో అందరికీ తలా నాలుగు పంచాడు. పడవవాడికి గుప్పెడు.

మణికర్ణిక దగ్గర ఆయన కూడా మాట్లాడలేదు. మాట్లాడేది కూడా ఏముంది? దాన్ని దాటగానే సింధియా ఘాటు పక్కన నీళ్ళలోకి ఒరిగిపోయిన రత్నేశ్వర మహాదేవుడి గుడి. "తిత్లీకి ఒరిగిన కొబ్బరిచెట్టులాగున్నాది" అంది పెద్దమ్మ. మావయ్య చెప్పవలసిన మాట ఆవిడ చెప్పేసింది. ఆయన ఆవిడ వైపు చూసిన చూపులో కొంచెం కంగారు కనిపించింది.

తిరుగుముఖంలో ఇంజను మోత పెరిగింది. భావనపాడు ముసలాయన నీళ్ళలో చెయ్యి పెట్టి, ఇప్పుడిప్పుడే ఇసక మీదికి వచ్చిన సూర్యుడి వైపు చూసి, పడవవాణ్ణి అడిగాడు. "ఈ గంగ ఉత్తరానికి పోతాందేటి?" అవునన్నాడు వాడు. హిమాలయాల్లో పుట్టి దక్షిణానికీ తూర్పుకీ పారే గంగ ఇక్కడ ఒంపు తిరిగి ఉత్తరానికి పారుతుంది. ఉత్తరవాహిని గనకే కాశీ ఒడ్డుకి అంత పేరు. ఘాట్లన్నీ తూర్పుముఖంగా ఉండి తొలి ఎండ వాటి మీద పడేది కూడా అందుకే. రెండుసార్లు వచ్చిన మావయ్యకి ఈ సంగతి తెలీదు. అయితే ఏం, అస్సీలో దిగి మెట్లెక్కేలోగా అక్కడ నిలబడ్డ గుంటూరు బస్సు వాళ్ళకి చెప్పేశాడు. "గంగ ఇక్కడ ఉత్తరానికి పోతాది. మీకు తెలీదు గావాల. నాను మొదటిసారొచ్చినప్పుడే సూసినాను."

ఆ రాత్రి ప్రయాగ దారిలో బస్సులో లైట్లార్పేశారు. మావయ్య డ్రైవరు వెనక సీట్లో మఫ్లరు కట్టుకుని నిద్రపోతున్నాడు. వెనకెక్కడో పెద్దమ్మ గొంతు. సూరత్‌లో ఉన్న కోడలితో ఫోనులో మాట్లాడుతోంది.

"ఒలే, ఇంటన్నావా? పడవ అస్సీలోనే ఎక్కాల. అప్పుడే అన్నీ వరసగా అవుపడతాయి. చేత్ సింగు కోటుంది, అది హరిశ్చంద్రుడి కాడ కొనుక్కున్నాడంట. వచ్చే ఏడు మీరిద్దరూ సెలవు పెట్టి రండి, నాను సూపిస్తాను. నాకు పడవోడు కూడా తెలుసు. డెబ్బై నాలుగు ఘాట్లు…"

"ఎనభై నాలుగు!" అన్నాడు మావయ్య, కళ్ళు తెరవకుండానే.