పేరు తెలియని వైన్ తాగిన రోజులు

ఒరే అబ్బాయిలూ, మీ తరానికి అన్నిటికీ పేర్లు కావాలి. గ్లాసు కాడ పట్టుకుని గిరగిరా తిప్పి, ముక్కు లోపలికి దూర్చి, సీసా మీది కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి, ఆ వైన్ సాంజోవేజే ద్రాక్షదా నెబ్బియోలో ద్రాక్షదా అని తేల్చుకుంటే గాని మీకు గుటక దిగదు. ఎమ్మెస్ చదవడానికి మిలాన్, టూరిన్ వెళ్లిన మన పిల్లలు సెలవులకి వచ్చి ఈ పాఠాలు నాకు చెబుతున్నారు! విశాఖలో ఓడెక్కి ఇంజన్ గదిలో వయసంతా ధారపోసిన మనిషిని నేను. ఇటలీలో జెనోవా, నేపుల్స్, ట్రీస్ట్ రేవుల్లో మా ఓడ ఆగని ఏడాది లేదు. మా రోజుల్లో అక్కడి పూటకూళ్ల ఇళ్లలో వైన్ రెండే రకాలు, ఎర్రదీ తెల్లదీ. కూజాలో తెచ్చి బల్లమీద పెట్టేవాడు. లీటరా, అర లీటరా అన్నదొక్కటే ప్రశ్న. ద్రాక్ష పేరు వాడు చెప్పేవాడు కాదు, మేం అడిగేవాళ్లం కాదు. ఆ వెనక కొండ మీద ఏది కాస్తే అదే వైన్. కొండ దాటితే ఆ రుచి దొరకదు, మరో రుచి దొరుకుతుంది.

ఇప్పుడు కంటైనర్లు వచ్చి రేవుల్ని పాడుచేశాయి గాని, అప్పట్లో సరుకు దించడమంటే రోజుల పని. బస్తాలు, క్రేన్లు, కూలీలు, మధ్యలో సమ్మె. ఓడ కదలదు, మనకి ఊరు చూసే తీరిక. ఇప్పటి కుర్రాళ్లు పొద్దున లంగరేసి రాత్రికి వెళ్లిపోతున్నారు, నేపుల్స్ వెళ్లామని చెప్పుకుంటారు గాని రేవు గేటు దాటి ఉండరు. ఏం చెబుతున్నాను... ఆఁ, అవెర్సా. నేపుల్స్‌కి ఉత్తరాన, దగ్గరే. అక్కడ అస్‌ప్రీనియో అనే తెల్లద్రాక్ష ఉంది. దానికి పందిరి వెయ్యరు. పొడుగాటి పోప్లార్ చెట్ల మీదికి ఎగబాకిస్తారు, నలభై యాభై అడుగుల ఎత్తుకి. కోతలప్పుడు సన్నటి నిచ్చెన ఆనించి, మన గీత కార్మికుడు మోకు వేసుకుని తాడెక్కినంత నిబ్బరంగా ఎక్కేవాళ్లు. బుట్ట అడుగు మొనదేలి ఉంటుంది. నింపి తాడుతో దింపితే ఆ మొన నేలలో గుచ్చుకుని బుట్ట నిటారుగా నిలబడుతుంది, ఒక్క గుత్తి ఒలకదు. ఆ వైన్‌కి నాలుక ఝల్లుమనేంత పులుపు. అక్కడి గేదెపాల మొజరెల్లా తిన్నాక నోట్లో పేరుకునే కొవ్వుకి ఆ పులుపే విరుగుడు. ఏ వంటకానికి ఏ వైన్ అని మీరిప్పుడు డబ్బు కట్టి క్లాసులు వింటున్నారే, అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పలేదు. గేదె అక్కడిదే, తీగా అక్కడిదే. ఇప్పుడు నిచ్చెన ఎక్కేవాళ్లు కరువయ్యారు, కూలీ గిట్టదు, చెట్టెక్కిన తీగలు చాలాచోట్ల పోయి, చేతికందే ఎత్తులో వరసలు కట్టిన తోటలొచ్చాయి.

ట్రీస్ట్ వెనక సున్నపురాతి గుట్టల మీద ఇంకా మంచి పద్ధతి ఉండేది. రోడ్డు మలుపులో ఒక పచ్చి కొమ్మ వేలాడదీసి ఉంటే, ఆ దారినపోతే రైతు ఇల్లు వస్తుంది. ఆ ఇంటిని ఓస్మిజ్జా అంటారు. ఏడాదిలో కొన్ని రోజులు రైతు తన వైన్, తన పంది మాంసం, కోడిగుడ్లు తన వాకిట్లోనే అమ్ముకోవచ్చు. 1784లో ఆస్ట్రియాని ఏలిన చక్రవర్తి రెండో జోసెఫ్ ఇచ్చిన అనుమతి అది. ఎర్రటి తెర్రానో, తెల్లటి వితోవ్‌స్కా అక్కడి వైన్లు. కొమ్మ లేదా, ఇల్లు మూసి ఉందన్నమాట. కొమ్మ వెతుక్కుంటూ నడవడంలోనే సగం ఆకలి పుట్టేది. ఇప్పుడు ఏ ఇల్లు తెరిచి ఉందో ఫోన్ చెబుతుందట, కారులో తిన్నగా గుమ్మం ముందు దిగుతున్నారు. ఆ పక్క ఫ్రియులీ వాళ్లు తరతరాలుగా తొకాయ్ అని పిలుచుకున్న తెల్లవైన్‌కి ఆ పేరు కూడా మిగల్లేదు. హంగరీ వాళ్ల తొకాయ్‌తో తగాదా వచ్చి, 2007 నుంచి ఐరోపా చట్టం దాన్ని సీసా మీంచి చెరిపేసింది. తాతలు పెట్టిన పేరుని ఆఫీసులో కూర్చుని తీసేస్తే ఆ రైతుకి ఎలా ఉంటుందో ఆలోచించండి.

అసలు నా కడుపుమంట వేరే. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్న బుద్ధి ఇటలీ వాళ్లకీ పట్టింది. ఐదు వందలకి పైగా సొంత ద్రాక్షలున్న దేశమది, అంత సంపద చాలా దేశాలకి లేదు. అలాంటిది టస్కనీ తీరాన బొల్గేరీలో ఫ్రెంచి కబెర్నేతో చేసిన సాస్సికాయా 1968 పంటతో బజారుకొచ్చి పేరు కొట్టేసరికి, అందరికీ అదే పిచ్చి. అది మంచి వైన్ కాదని నేననను. దాన్ని చూసి కబెర్నే, మెర్లో, షార్డొనే కోసం సొంత తీగలు పీకిన వాళ్ల సంగతే నేననేది. సిసిలీలో చూడు, టస్కనీలో చూడు, అదే కథ. కియాంతీలో సాంజోవేజేతో పాటు కనయోలో, మాల్వాజియా కలిసి పెరిగేవి. గడ్డి అల్లిన బుడ్డిలో వచ్చే ఆ వైన్ పల్చగా, పన్నెండు శాతం మత్తుతో, మధ్యాహ్నం తాగినా సాయంత్రం డ్యూటీకి ఎక్కేటట్టు ఉండేది. ఇప్పుడు ఎండలు ముదిరి పద్నాలుగు, పదిహేను శాతం. ఒక గ్లాసుకే మంచం ఎక్కాలి.

మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం? హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలుండేవి. ఆ పెద్ద పెద్ద గుత్తులు మీలో ఎవరు చూశారు? ఆ తోటల్లో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు మొలిచాయి.

ఇంత చెప్పాక ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది. మేం తాగిన ఆ పేరులేని చవక వైన్ అంతా అమృతం కాదు. 1986లో ఇటలీలో కొందరు వ్యాపారులు మత్తు శాతం పెంచడానికి వైన్‌లో మిథనాల్ కలిపితే ఇరవై మందికి పైగా చచ్చిపోయారు, ఇంకొందరికి చూపు పోయింది. ఎక్కడ పుట్టిందో రాసిలేని వైన్ కాబట్టే అది సాగింది. ఈ కాగితాలు, ముద్రలు, తనిఖీలు ఆ చావుల తర్వాతే గట్టిపడ్డాయి. పైగా మా కాలంలో ఇటలీలో మనిషికి ఏడాదికి వంద లీటర్లు పైచిలుకు తాగేవారు, ఇప్పుడు అందులో సగం కూడా లేదు. అంత తాగేవాళ్లకి పోయడానికి రైతు ఎక్కువ కాసే తీగనే పాతాడు, తక్కువ కాసేదాన్ని పీకేశాడు. అంటే ఆ పీకుడు మా దాహంతోనే మొదలైంది, మీ ఫోన్లతో కాదు.

తిమొరాస్సో సంగతే తీసుకోండి. జెనోవా నుంచి మిలాన్ వెళ్లే రైలు దారిలో తోర్తోనా ఊరి చుట్టూ ఉన్న కొండల ద్రాక్ష అది. పండించడం కష్టం, కాపు తక్కువ. అందుకని రైతులు సులువుగా కాసే కోర్తేజేకి మారిపోయారు. 1980ల చివరికి మిగిలిన తిమొరాస్సో ఏ మూలకి? మొన్‌లేయాలే గ్రామంలో వాల్తెర్ మాస్సా అనే రైతు పట్టుబట్టి దాన్నొక్కదాన్నే విడిగా పులియబెట్టి, ఏళ్ల తరబడి సీసాల్లో దాచి చూశాడు. పాతబడేకొద్దీ బాగుపడే తెల్లవైన్ అని తేలింది. ఆయన వెనక మిగతావాళ్లు నడిచారు. పేరు పెట్టి అమ్మకపోతే ఆ తీగ ఈపాటికి కట్టెల పొయ్యిలో పోయి ఉండేది, ఒప్పుకుంటాను.

కానీ ఇప్పుడు చూడండి. బరోలో వైన్‌తో పేరుమోసిన ఆసాములు కూడా వచ్చి ఆ కొండల మీద భూములు కొంటున్నారు. ధర పలికే తిమొరాస్సో కోసం పక్కనున్న బార్బేరా, క్రోయాతీనా ముసలి తీగల్ని పీకకుండా ఉంటే చాలు. అప్పులున్న రైతుని ఆపేదెవరు?