బోర్డు మార్పిడి పద్యానికి టీకా తాత్పర్యములు

అవతారిక: మదర్‌బోర్డు మార్చితే విండోసును మళ్లీ ఎక్కించక తప్పదా అని దిగులుపడిన అంగడి యజమానికి మెకానిక్కు చేసిన ఉపదేశమిది.

ఆ.వె.
పాత బోర్డు చచ్చి పడకముందే నీవు
కొత్త డ్రైవరులను కూర్చుకొమ్ము
డిస్కు నట్లె యుంచి డేటాను గాచుకో
విండొసదియె లేచు, వినుమిదన్న!

టీక: అన్న = ఓ అన్నా; ఇది వినుము = ఈ మాట ఆలకింపుము; పాత బోర్డు = ఇన్నాళ్లు మోసిన మదర్‌బోర్డు; చచ్చి పడకముందే = ఇంకను ఆన్ అగుచుండగానే; నీవు = పక్కింటి పిల్లవాడు కాక నీవే; కొత్త డ్రైవరులను = రాబోవు బోర్డుయొక్క చిప్‌సెట్, స్టోరేజి, లాన్ డ్రైవర్లను; కూర్చుకొమ్ము = పెన్‌డ్రైవులో చేర్చుకొనుము; డిస్కును అట్లె యుంచి = ఫార్మాటు జోలికి పోక; డేటాను గాచుకో = వేరొక డిస్కులోనికి నకలు తీసికొనుము; విండొసదియె = వెనుకటి ఆ విండోసే; లేచు = బూటగును.

తాత్పర్యం: బోర్డు మారినా విండోసు మారనక్కరలేదు. అయితే ఏర్పాట్లన్నీ పాత బోర్డు ప్రాణంతో ఉండగానే జరగాలి.

పాఠాంతరాలు: ఈ పద్యానికి మూడు ప్రతులు. పైన ఇచ్చినది ప్రొద్దుటూరు పాఠం. జమ్మలమడుగు ప్రతిలో ‘చచ్చి పడిన పిదప నీవు’ అని ఉంది. పులివెందుల ప్రతిలో మూడో పాదమే వేరు: ‘డిస్కు చెరిపివేసి డేటాను మరచిపో’. కడపలో ఇల్లు కొని, పండితులకు జీతాలిచ్చి, తాటాకు ప్రతులను సరిచూపించి కాగితానికి ఎక్కించిన సి.పి. బ్రౌన్ దొర జిల్లా ఇది. ఆకు మారినా పాఠం చెడకూడదన్నదే ఆయన పండితుల పట్టుదల, మన మెకానిక్కు పట్టుదల కూడా. కనుక పాఠనిర్ణయం చేయక తప్పదు.

పులివెందుల పాఠం ప్రక్షిప్తం. యతి కుదిరింది గానీ కొంప కుదరదు. ఫార్మాటుకు ఛార్జీ తీసుకునే లేఖకుడెవరో చొప్పించి ఉంటాడు.

మిగిలిన రెండు పాఠాలూ ఛందస్సుకు సరిపోతాయి. యంత్రానికి సరిపోయేది ప్రొద్దుటూరు పాఠమే. ఎట్లన: విండోస్ ఎక్స్‌పీ తాను పుట్టిన బోర్డుమీది డిస్కు కంట్రోలర్ డ్రైవరును మాత్రమే బూటు వేళకు సిద్ధంగా పెట్టుకునేది. కొత్త బోర్డుమీద కంట్రోలర్ వేరైతే, కెర్నలు లేచేది గానీ తానున్న డిస్కే తనకు కనపడేది కాదు. అదే ‘7బి’ అనే నీలితెర. తెలిసినవారు పాత బోర్డుమీద ఉండగానే డివైస్ మేనేజర్‌లో కంట్రోలర్‌కు ‘స్టాండర్డ్ డ్యూయల్ ఛానల్’ అనే సాధారణ డ్రైవరు తగిలించి, అప్పుడు షట్‌డౌన్ చేసేవారు. విండోస్ 10 నాటికి ఈ పీడ చాలావరకు తగ్గింది. కొత్త అవయవాలను అదే గుర్తుపట్టి, ఒకటి రెండుసార్లు రీస్టార్టయి కుదుటపడుతుంది. లాన్ డ్రైవరు దొరకకపోతే మాత్రం ఇంటర్నెట్ రాదు, ఇంటర్నెట్ లేకపోతే ఆ డ్రైవరూ రాదు. ‘కూర్చుకొమ్ము’ అన్న క్రియకు సార్థక్యం ఇక్కడే.

శంక: ఇంత యాతనేల? కొత్తగా ఎక్కిస్తే శుభ్రం కాదా?

సమాధానం: శుభ్రమే. అయితే పసిడిపురి ప్రొద్దుటూరు నగల అంగడిలో ట్యాలీ ఉంటుంది, డీటీపీ సెంటరులో అను ఫాంట్లూ పేజ్‌మేకరూ పాత ప్రింటరు డ్రైవరూ ఉంటాయి. వాటి సీడీలు ఎక్కడున్నవో ఎక్కించినవాడికే తెలియదు. విండోసు గంటలో వస్తుంది, పెండ్లిపత్రిక అచ్చుకు వారం పడుతుంది.

విశేషాలు: ‘విండొసు’లో ఓకారం గణం కోసం కుదించబడింది. కవి చేసిన కత్తిరింపు ఇదొక్కటే.

‘గాచుకో’ అన్నందున తాళాలను కూడా గ్రహించాలి. బిట్‌లాకర్ వేసిన డిస్కు తాళం బోర్డుమీది టీపీఎంలో దాగి ఉంటుంది. బోర్డు మారగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ముందే బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయడం, కీ రాసిపెట్టుకోవడం ఉత్తమం. ట్యాలీ లైసెన్సునూ పాత బోర్డుమీదే సరెండర్ చేసుకోవాలి.

విండోస్ లైసెన్సు ముఖ్యంగా రెండు విధాలు. రీటైల్‌ది కొత్త బోర్డుకు వెంట వస్తుంది, ముందుగా మైక్రోసాఫ్ట్ అకౌంటుకు ముడివేస్తే మరీ సులువు. కంప్యూటరుతో పాటు వచ్చిన ఓఈఎం బోర్డుకే అంటిపెట్టుకుంటుంది. బోర్డు చెడిపోయి తయారీదారే మార్చి ఇచ్చినప్పుడు మాత్రం కొత్తది కొననక్కరలేదు.

పాత డిస్కు ఎంబీఆర్ పద్ధతిలో ఉండి, కొత్త బోర్డుకు యూఈఎఫ్‌ఐ తప్ప మరేదీ రాకపోతే విండోసు లేవదు. 2017 నాటి విండోస్ 10లో వచ్చిన ‘ఎంబీఆర్2జీపీటీ’ ఆ దోషాన్ని డేటా చెడకుండా పోగొడుతుంది. ఇదీ ముందు చేసుకోవలసిన పనే.

ఉబుంటు వంటి లైనక్సు వాడేవారికి ఈ పద్యంతో పెద్దగా పని లేదు. అందులో డ్రైవర్లు చాలావరకు కెర్నలుతోనే ఉంటాయి.

ఫలశ్రుతి: బోర్డు బతికుండగా దీనిని చదివినవారికి ఫార్మాటు భయం లేదు. చచ్చిన పిదప చదువుతున్నవారు ఎట్లాగూ ఫోనులోనే చదువుతుంటారు. వారికి జమ్మలమడుగు పాఠమే శరణ్యం: కొత్త బోర్డు బయాస్‌లో సాటా మోడును పాత బోర్డులో ఉన్నట్లే పెట్టి, సేఫ్ మోడులో లేపి చూచునది. లేవకున్న, పులివెందుల లేఖకుడు అంగడి తెరిచే ఉంచును.