చీకటి చాలని ఊళ్లు

మా రోజుల్లో భయానికి కూడా పొలిమేర ఉండేది. విజయవాడలో ఉద్యోగం చేసుకునే నాలాంటివాడికి చీర కట్టుకుని నాలుగడుగులు వేయాలనిపిస్తే హైదరాబాదు బస్సెక్కేవాడు. లాడ్జిలో గది, సంచి అడుగున చీర, సవరం, పౌడరు డబ్బా. గాజులు మాత్రం పెద్ద తంటా. రెండు పన్నెండు సైజు ఇమ్మంటే కొట్టువాడు ఎగాదిగా చూసేవాడు, 'మా ఆవిడ చేయి కాస్త పెద్దది' అనేవాణ్ణి. పొద్దు గూకాక సుల్తాన్ బజార్ రద్దీలో పైట సర్దుకుంటూ కలిసిపోయేవాణ్ణి.

ఎదురొచ్చేవాళ్లు పసిగడితే పసిగట్టేవాళ్లు, వీడు మగాడని. ఫలానా వారి అబ్బాయని మాత్రం తెలిసేది కాదు. మొదటిది సిగ్గు. రెండోది కొంపలంటుకోవడం. రెంటికీ మధ్య ఓ రాత్రి ప్రయాణమంత దూరం ఉండేది.

ఆ దూరాన్ని ఫోన్లు మింగేశాయి. మెట్రో మెట్ల మీద ఎవడో కుర్రాడు వీడియో తీస్తాడు. నేను గదికి చేరేలోపు అది మా మేనల్లుడి చేతిలో ఉంటుంది. మొహం మసగ్గా ఉన్నా వాడికి నడక చాలు, మా ఇంట్లో అందరిదీ ఒకటే నడక.

పాత రోజులు బంగారమని అనను. 1329 ఫసలీ, అంటే 1919 నాటి నిజాం చట్టం ఒకటుండేది. నపుంసకులని ముద్ర వేసినవాళ్లు ఆడబట్టలతో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో! నేను తెల్లారేసరికి చీర మడిచి ప్యాంటు వేసుకునేవాణ్ణి. హిజ్రాలకు ఆ వెసులుబాటు ఏది? నాది భయం, దెబ్బలు వాళ్లవి.

నా బాధ ఆడవేషం చూస్తే ఇప్పుడు వచ్చే ఈ నవ్వు గురించి. నాటకాల్లో స్థానం నరసింహారావు సత్యభామ వేషం కడితే జనం బళ్లు కట్టుకుని వచ్చారు, 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపంలో జడ ముందుకు వేసుకుంటే ఎవరూ ఇకిలించలేదు. ఇప్పుడు టీవీలో లేడీ గెటప్ అంటే చెంపదెబ్బలు తినడానికే. తిరుపతి గంగమ్మ జాతరలో నేటికీ మగవాళ్లు ఆడవేషం కట్టి మొక్కు తీర్చుకుంటారు. 2024లో పుష్ప సినిమా రెండో భాగంలో అల్లు అర్జున్ ఆ వేషం కడితే హాలు ఈలలతో దద్దరిల్లింది. అక్కడ ఈల వేసిన కుర్రాడే బస్టాపులో చీర కట్టిన మగాణ్ణి చూస్తే ఫోను తీస్తాడు.

ఇప్పుడు గాజులు ఇంటికే వస్తాయి, ఏ సైజైనా, అబద్ధం ఆడక్కర్లేదు. వేసుకుని వెళ్లడానికి ఊరే లేదు. నాయనా, చూడు, కావాలంటే నవ్వు, తిట్టుకో. ఆ ఫోను మాత్రం జేబులో పెట్టు.