మా యింటి అజ్ఞాతవాసి

ఆషాఢమాసమున ఒకానొక సాయంకాలము, విజయవాడలోని మా ఫ్లాటులో, భోజనమునకు పూర్వము నియమము తప్పక నేను వినుచుండెడి భాగవత ప్రవచనము, మొసలి గజేంద్రుని కాలు పట్టి మడుగులోనికి లాగుచున్న ఘట్టమున హఠాత్తుగా నిలిచిపోయెను. ప్రవచనకర్త తెరచిన నోరు తెరచినట్లే యుండెను. వైకుంఠమునుండి బయలుదేరిన సుదర్శనమే కాబోలునని భ్రమ గొల్పుచు, టీవీ తెర నడుమ ఒక తెల్లని చక్రము ప్రత్యక్షమై, గిఱ్ఱున తిరుగుటయే కాని మొసలి జోలికి పోవుట యెఱుగక, పావుగంటసేపు ఉన్నచోటనే తిరుగుచుండెను.

"ఎవరో మన వైఫై వాడేసుకుంటున్నారేమో తాతయ్యా!" అని ఆఱవ తరగతి చదువుచున్న నా మనుమరాలు పుస్తకమునుండి తల యెత్తకయే అనెను.

నేను ముప్పది రెండేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించి విశ్రాంతి గొన్నవాడను. పరీక్ష గదిలో చొక్కా మడతలోని చీటీని గుమ్మమువద్దనుండియే పసిగట్టగలవాడనని పేరు పడినవాడను. అట్టి నా యింట, మా అబ్బాయి నెలనెలా బిల్లు కట్టుచుండగా, ముక్కు మొగము తెలియనివారెవరో చొరబడి, గజేంద్రుని మడుగులో వదలి తాము సినిమాలు చూచుచున్నారన్న తలంపు నా రక్తమును ఉడికించెను. చేతి ఫోనును, పాత డైరీని, ఎఱ్ఱ సిరా కలమును ధరించి నేను రంగమున ప్రవేశించితిని.

రౌటరు వంటగది గట్టుమీద, స్టీలు బియ్యపు డబ్బాకును పిండి డబ్బాకును నడుమ, రెండు చెవులు నిక్కించుకొని కూర్చుండియుండెను. దానిని తిరుగవేసి చూడగా, అడుగున అంటించిన చీటీమీద 192.168.1.1 అను చిరునామాయు, ఆ చిరునామాలో తలుపు తెరచుటకు వలసిన పేరును పాస్‌వర్డును అచ్చువేసియుండెను. తాళము వేసి తాళపుచెవిని తలుపునకే వ్రేలాడగట్టు పద్ధతి యిది. ఆ చిరునామా మాత్రము మాకే ప్రత్యేకమైనది కాదు. ఊరూర ఒక గాంధీనగరము ఉన్నట్లు, ఇంటింట మరల మరల వాడుకొనుటకై ఇట్టి సంఖ్యలను వేరుగా కేటాయించి యుంచిరట. చీటీని డైరీలో ఎక్కించుకొని, రౌటరును తీసిన చోటనే, డబ్బాల నడుమనే, భద్రముగా ఉంచితిని. ఈ భద్రత సంగతి పిదప వచ్చును.

ఫోనులో ఆ చిరునామా కొట్టి, రౌటరు నాశ్రయించియున్న యంత్రముల పట్టిక తెరచి చూతును గదా, ఇంట నున్నవారము అయిదుగురము. రౌటరు పోషించుచున్నవి 17. ఒక్కొక్క దానికి అంకెలును ఇంగ్లీషు అక్షరములును కలగలిసిన పండ్రెండు గుర్తుల సంఖ్య యొకటి కలదు. అందు మొదటి ఆఱును తయారుచేసిన వంశమును తెలుపును. కడపటి ఆఱును వ్యక్తిని తెలుపును. వంశాంకములను ఐఈఈఈ అను ఇంజనీర్ల సంస్థ తయారీదారులకు పంచి యిచ్చును. అనగా, పెద్దలకు నమస్కరించు వటువు ప్రవర చెప్పుకొన్నట్లు, ప్రతి యంత్రమును ముందుగా తన ప్రవర చెప్పుకొని గాని లోనికి రాదన్నమాట. ఈ యేర్పాటు నాకు మిక్కిలి నచ్చెను. మనుష్యులలో సన్నగిల్లుచున్న ఆచారమును యంత్రములైనను పాటించుచున్నవి గదా యని సంతసించితిని.

ఆ సంతసము నిలువలేదు. పట్టికలో నాలుగు చోట్ల 'ఎస్ప్రెసిఫ్' అను వంశనామము కానవచ్చెను. ఒకే యింటిపేరు గల నలుగురు పరదేశులు ఒకే కుటుంబముగా వచ్చి నా యింట తిష్ఠ వేసిరని నిశ్చయించి, వెదకి చూడగా, అది షాంఘై నగరమున వైఫై చిప్పులు చేయు కంపెనీ యని తేలెను. షాంఘైవారికి నా యింట నేమి పని? అంతట ఒక్కొక్క స్విచ్చి ఆర్పి చూచు విచారణ మొదలిడితిని. హాలులోని రెండు దీపములు ఆర్పగా రెండు పేర్లు మసకబారెను. గీజరు ప్లగ్గు తీయగా మూడవది పోయెను. నాలుగవదానికై ఇల్లెల్ల గాలించి, తుదకు మంచము క్రింద దూరి చూచితిని గదా, మా కోడలు దోమల మందు యంత్రమునకు పెట్టిన ప్లగ్గది. నా బాల్యమున దీపమునకు నూనెయు వత్తియు నున్న చాలును. దోమకు రెండు అరచేతులు చాలును. నేడు దీపము వెలుగవలెనన్న పాస్‌వర్డు, దోమ చావవలెనన్న పాస్‌వర్డు.

తక్కిన విచారణ త్వరగానే సాగెను. నిన్ననే ఊరికి పోయిన మా బావమరిది ఫోను ఇంకను పట్టికలో నుండెను; రౌటరు ప్రతి అతిథికిని కొంత గడువు పెట్టి అద్దెకు చిరునామా ఇచ్చుననియు, అతిథి పోయినను గడువు తీరువఱకు పేరు చెరపక పోవచ్చుననియు తెలిసెను. బావమరిది విషయమున ఇందు వింత యేమియు లేదు. పూజగదిలో సుప్రభాతము పాడు పాత ఫోను ఒకటి తేలెను. ఎదురింటి కుఱ్ఱవాని లాప్‌టాపు ఒకటి తేలగా, "దొరికెను దొంగ!" యని కేక వేసితిని.

"దొంగేమిటండీ! వాడికి పరీక్షలు, వాళ్ల నెట్ పోయింది, అడిగితే నేనే ఇచ్చాను. చక్కెర అడిగితే ఇవ్వమా? ముందు మీరు లేవండి, చారు చల్లారిపోతోంది" అని మా ఆవిడ వంటగదినుండి తీర్పు చెప్పెను.

పదునాఱు తేలినవి. మిగిలినది ఒక్కటి. దానికి పేరు లేదు. 'అన్‌నోన్' అని మాత్రమే యుండెను. వంశాంకము ఏ తయారీదారునిదియు కాదు. ప్రవర చెప్పని ఈ ఆగంతుకుని చర్య మఱియు వింతగా నుండెను. తొమ్మిదింటికి చూచితిని, ఉండెను. మంచినీళ్లు త్రాగి వచ్చి చూచితిని, ఉండెను. అర్ధరాత్రమున దుప్పటి క్రింద చప్పుడు కాకుండ చూచితిని, అప్పుడును ఉండెను. తెల్లవారుజామున నాలుగింటికి నాతో కూడ మేలుకొనియున్నది ఇల్లంతటిలోను అదొక్కటియే. నేనెప్పుడు చూచిన నప్పుడే యుండుటకు వానికి నా రాకపోకలెట్లు తెలిసెనని నాకు వెన్ను చలించెను. నా ఫోనుయొక్క పండ్రెండు గుర్తుల సంఖ్యను సెట్టింగులలో చూచి డైరీలో ముందే వ్రాసికొంటిని. అది పట్టికలో ఎక్కడను లేదు. జనాభా లెక్కలు వ్రాయవచ్చిన గుమాస్తా తన పేరు ఆ యింటి కాగితమున వ్రాసికొనడు గదా యని ఆ విషయమును పట్టించుకొనలేదు.

ఉదయము కాఫీ త్రాగి, ఆ పేరులేనివాని కెదురుగా నున్న 'బ్లాక్' అను మీటను, నలువది యేండ్ల సంసారమున ఎన్నడును ఎఱుగని అధికారగర్వముతో నొక్కితిని.

పట్టిక మాయమయ్యెను. తెరమీద ఒక చక్రము ప్రత్యక్షమై తిరుగజొచ్చెను. దొంగ ఎదురుదెబ్బ తీసెనని నేను పెట్టిన కేకకు, మా అబ్బాయి చెవికి తగిలించుకొన్న మైకుతోనే మీటింగునుండి పరుగెత్తి వచ్చి, ఫోను చేతికి తీసికొని, డైరీ తిరుగవేసి, కొంతసేపు మాటాడక నిలుచుండెను.

"నాన్నా, మీరు మీ ఫోన్నే బ్లాక్ చేశారు."

"నా సంఖ్య అది కాదురా! ఇదిగో, ఎఱ్ఱ సిరాతో వ్రాసియుంచితిని."

"ఇది కంపెనీవాళ్లు వేసిన అసలు నంబరు. ఇప్పటి ఫోన్లు దాన్ని బయటపెట్టవు నాన్నా. వెళ్లిన ప్రతిచోటా మనల్ని గుర్తుపట్టి వెంబడించకుండా, ఒక్కో వైఫైకి ఒక్కో మారుపేరు చెబుతాయి. రెండో గుర్తు చూడండి. అక్కడ 2, 6, ఏ, ఈ వీటిలో ఏదుంటే అది సొంతంగా కల్పించుకున్న పేరే."

చూచితిని. 6 ఉండెను. విరాటుని కొలువున కంకుభట్టువలె నా ఫోను నా జేబులోనే అజ్ఞాతవాసము చేయుచుండగా, దాని చేతనే దానిని వెదకించితిని. ఏఱు దాటి తమ్ము తాము లెక్క వేసికొని ఒకడు తక్కువయ్యెనని ఏడ్చిన పరమానందయ్య శిష్యుల కథను ఎన్ని తరగతులకు చెప్పి ఎంత నవ్వించితినో, ఆ నవ్వులన్నియు ఆ క్షణమున నాకు వడ్డీతో తిరిగి వినవచ్చెను.

"మరి ప్రవచనం ఎందుకు ఆగింది?" అని హీనస్వరమున అడిగితిని. వాడు వంటగదిలోనికి పోయి, డబ్బాల నడుమనున్న రౌటరును చూచి, "ఇక్కడెవరు పెట్టారిది? చుట్టూ స్టీలే ఉంటే సిగ్నల్ హాల్లోకి ఎలా వస్తుంది?" అనెను. దీపములు మినుకుమినుకుమని కంటికి చికాకుగా నుండుటచే హాలునుండి తెచ్చి పెట్టిన మా ఆవిడ, కూర కలుపుచు, వెనుకకు తిరుగలేదు.

నన్ను చెఱనుండి విడిపించినది నా మనుమరాలు. తన ట్యాబులో పట్టిక తెరచి, బ్లాకు తీసి, ఇకపై తాతయ్య కంగారు పడకుండుటకై ప్రతి యంత్రమునకును నామకరణము చేసెను: హాలు బల్బు ఒకటి, హాలు బల్బు రెండు, దోమలు, దేవుడి ఫోను, చక్కెర అన్నయ్య. అన్నిటికిని అడుగున నా ఫోనునకు 'దొంగ తాతయ్య' అని పెట్టెను. ఆ పేరు నేనే మార్చుకొందునని, డైరీలో వ్రాసికొన్న పాస్‌వర్డు కొట్టితిని. తలుపు తెరచుకొనలేదు.

"అది మార్చేశాను తాతయ్యా. స్టిక్కరు మీదదే ఉంచితే ఎవరు పడితే వాళ్లు లోపలికొచ్చేస్తారు కదా!"

కొత్తది చెప్పుమంటిని. బడి బస్సు వచ్చిందనెను.